సుహైలి 32 అడుగులు, మాదేయి 56 అడుగులు: సముద్రంలో పెద్ద పడవే మేలా?

 

పోయిన ఎపిసోడ్‌లో తెరచాప పడవ గాలికి ఎదురుగా ఎలా వెళ్తుందో మాట్లాడుకున్నాం కదా. అది చూశాక చాలామంది దాదాపు ఒకటే ప్రశ్న వేశారు. "అన్నా, ఒక్కడే సముద్రం మీదకి వెళ్లాలంటే చిన్న పడవ మంచిదా, పెద్ద పడవ మంచిదా?" అని.

ఇందులో అడగడానికేముంది, పెద్దదే మంచిది అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఈ విషయం చదివేకొద్దీ జవాబు నేననుకున్న చోట లేదని అర్థమైంది. అందుకే ఇవాళ లెక్చర్ ఇవ్వకుండా, రెండు నిజమైన పడవల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

రెండూ మన దేశంలో కట్టినవే. ఒకటి బొంబాయిలో 1964లో నీళ్లలోకి దిగింది. పేరు సుహైలి. రెండోది గోవాలో తయారై 2009లో వచ్చింది. పేరు మాదేయి. మధ్యలో 45 ఏళ్ల తేడా. సుహైలి 32 అడుగులు, మాదేయి 56 అడుగులు. ఒంటరి మనిషిని ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టూ తిప్పి క్షేమంగా ఒడ్డుకు చేర్చినవి ఈ రెండూ. రెండూ రేసుల కోసం పుట్టినవి కావు, క్రూజింగ్ బోట్లే. అంటే మనిషి లోపల వండుకుని, తిని, పడుకుని, నెలల తరబడి దూర ప్రయాణం చేయడానికి కట్టినవి.

ముందు సుహైలి సంగతి.

రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అని ఒక ఇంగ్లీషాయన. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల మీద ఆఫీసర్. బొంబాయిలో ఉన్నప్పుడు, మనమే ఒక పడవ కట్టించుకుని దాని మీదే ఇంటికి వెళ్దాం అనుకున్నాడు. ఇంగ్లండ్ నుంచి డ్రాయింగులు తెప్పిస్తే, వచ్చినవి అడిగినవి కావు. 1920లలో విలియం ఆట్కిన్ అనే అమెరికన్ గీసిన 'ఎరిక్' అనే పాత డిజైన్ వచ్చింది. దాని మూలం ఇంకా వెనక ఉంది. నార్వేలో కాలిన్ ఆర్చర్ అనే ఆయన తుఫానుల్లో జాలర్లను కాపాడటానికి రక్షణ పడవలు డిజైన్ చేశాడు. ఆ వంశమే ఇది. సరే, వచ్చిందే వచ్చింది అని అదే కట్టించాడు. ఒక్కోసారి కొరియర్ వాడి పొరపాటే మనిషి జాతకం మార్చేస్తుంది!

కట్టింది బొంబాయి కొలాబాలో. మొత్తం టేకు. వడ్రంగులు వాడిన పనిముట్లు బాడిసె, చేతి బర్మా లాంటివి. మన తాళ్లరేవు, కోరంగి వైపు చెక్క పడవలు కట్టడం చూసినవాళ్లకి ఈ దృశ్యం వెంటనే కళ్ల ముందుకి వస్తుంది. రెండు మాస్టులు. మాస్ట్ అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం. ముందు ఎలా మొనదేలి ఉంటుందో వెనక కూడా అలాగే మొనదేలి ఉంటుంది. వెనక నుంచి తరుముకొచ్చే అల దాన్ని గుద్దకుండా రెండుగా చీలి పక్కలకి పోవాలని ఆ ఆకారం. అడుగున కీల్, అంటే పడవ పల్టీ కొట్టకుండా, పక్కకి జారిపోకుండా నీళ్లలోకి దిగి ఉండే బరువైన భాగం, ముందు నుంచి వెనకదాకా పొడుగ్గా ఉంటుంది. చుక్కాని దాని చివర్నే వేలాడుతుంది.

ఇక మాదేయి. భారత నౌకాదళంలో వైస్ అడ్మిరల్ మనోహర్ అవతి గారికి ఒక పట్టుదల. ఒక భారతీయుడు, భారతదేశంలో కట్టిన పడవ మీద, ఒంటరిగా భూమిని చుట్టి రావాలి. దానికే 'సాగర్ పరిక్రమ' అని పేరు. కమాండర్ దిలీప్ దోండే ముందుకొచ్చారు. పడవ కట్టింది గోవాలో రత్నాకర్ దండేకర్ గారి అక్వేరియస్ షిప్‌యార్డ్. అంతకుముందు వాళ్లు ఇంత పెద్ద సముద్రయానపు తెరచాప పడవ కట్టి ఎరగరు. డిజైన్ వాన్ డి స్టాట్ అనే డచ్ సంస్థది. పేరు మాత్రం మాండోవి నదికి అక్కడివాళ్లు పిలుచుకునే పేరు.

ఒకటే మాస్ట్, దాదాపు 25 మీటర్ల ఎత్తు. ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. బరువు 23 టన్నులు. సుహైలి పది టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. మాదేయి ఒళ్లు చెక్కే, కాకపోతే పలకలు బిగించి మేకులు కొట్టిన చెక్క కాదు. మధ్యలో చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్, ఎపాక్సీ. శాండ్‌విచ్ లాగా. ఎక్కడా సందు అనేది ఉండదు. కీల్ పొట్టిగా, లోతుగా కిందకి దిగుతుంది. చుక్కాని దానికి దూరంగా, వెనక విడిగా ఉంటుంది.

ఇప్పుడు స్పీడ్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పడవ నీళ్లను తోసుకుంటూ వెళ్తుంటే ముందు ఒక అల పుడుతుంది. స్పీడ్ పెరిగేకొద్దీ ఆ అల పొడవవుతుంది. ఒక దశలో అల పొడవు, పడవ పొడవు సమానమవుతాయి. అక్కడి నుంచి పడవ తను పుట్టించిన అలనే ఎక్కాల్సి వస్తుంది, గుట్ట ఎక్కినట్టు. మామూలు బరువైన పడవకి అదే హద్దు. లెక్క సింపుల్. నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే నాట్లలో గరిష్ఠ వేగం వస్తుంది. సుహైలికి ఆ పొడవు 28 అడుగులు. అంటే 7 నాట్లు. మాదేయికి 53 అడుగులు అనుకుంటే, 9.7 నాట్లు.

చూశారా? పొడవు దాదాపు రెట్టింపైనా వేగం రెట్టింపు కాలేదు. నూటికి నలభై వంతులు కూడా పెరగలేదు.

ఇది కాగితం మీద లెక్క. సముద్రం మీద ఏం జరిగిందంటే, నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి బయల్దేరి 1969 ఏప్రిల్ 22న అక్కడికే తిరిగొచ్చాడు. 312 రోజులు, దాదాపు 30 వేల మైళ్లు. సగటున గంటకి 4 నాట్లు, అంటే ఏడున్నర కిలోమీటర్లు. మీరు కాస్త జోరుగా జాగింగ్ చేస్తే ఆ పడవని దాటేస్తారు! అభిలాష్ టామీ మాదేయి మీద 2012 నవంబర్ 1న ముంబై నుంచి బయల్దేరి 2013 మార్చి 31న తిరిగొచ్చారు. 151 రోజులు, సుమారు 23 వేల నాటికల్ మైళ్లు. సగటు 6 నాట్ల పైనే. సైకిల్ స్పీడ్ అన్నమాట. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయం లేకుండా ఒంటరిగా భూమిని చుట్టిన మొదటి భారతీయుడు ఆయన. దిలీప్ దోండే అంతకుముందే 2009 ఆగస్టులో బయల్దేరి, నాలుగు చోట్ల ఆగి, 2010 మేలో పూర్తి చేశారు. ఒంటరిగా చుట్టొచ్చిన మొదటి భారతీయుడు ఆయన.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 312కీ 151కీ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. ఫాల్మత్ నుంచి బయల్దేరితే అట్లాంటిక్ మొత్తం దిగాలి, మళ్లీ మొత్తం ఎక్కాలి. ముంబై నుంచి దక్షిణ సముద్రం దగ్గర. పైగా మాదేయిలో జీపీఎస్ ఉంది, శాటిలైట్ ఫోన్ ఉంది, వాతావరణ సమాచారం వస్తుంది, ఆటోపైలట్ ఉంది. సుహైలిలో సెక్స్‌టంట్, గడియారం, పంచాంగం లాంటి నాటికల్ ఆల్మనాక్. రేడియో ఉండేది గానీ, రెండున్నర నెలలకే మూగబోయింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాటాక ఆయన బతికున్నాడో లేదో కూడా నెలల తరబడి ఇంట్లోవాళ్లకి తెలియలేదు.

అయినా ఈ రెండు సంఖ్యల్లో ఒక సంగతి దాగుంది. నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వేగం అంటే గంటకి ఎన్ని కిలోమీటర్లు అనే కాదు. వేగం అంటే క్యాలెండర్.

ఎలాగంటే, ఇలా చుట్టి రావాలంటే దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటాలి. అక్కడ వేసవి అంటే డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి. ఆ నెలల్లో దాటితేనే ప్రాణానికి కాస్త భరోసా. నాక్స్-జాన్‌స్టన్ 1969 జనవరి 17న దాటాడు. అభిలాష్ 2013 జనవరి 26న దాటారు, సరిగ్గా మన రిపబ్లిక్ డే రోజు. ఇద్దరూ మంచి సీజన్‌లోనే హార్న్ దాటారు. మరి అక్కడికి చేరడానికి ఎన్ని రోజులు పట్టింది? అభిలాష్‌కి దాదాపు 87 రోజులు. నాక్స్-జాన్‌స్టన్‌కి 217 రోజులు.

అంటే చిన్న పడవ జనవరిలో హార్న్ దగ్గర ఉండాలంటే, సెప్టెంబర్‌లోనే ఆఫ్రికా కింద ఉండాలి. అక్కడ అది శీతాకాలం తోక. తుఫానులు ఒకదాని వెనక ఒకటి వచ్చే కాలం. సరిగ్గా అక్కడే, 1968 సెప్టెంబర్ మొదట్లో, సుహైలి ఒక పెద్ద అల దెబ్బకి పక్కకి పడిపోయింది. కేబిన్ కట్టడమే కదిలిపోయింది. తాగేనీళ్ల ట్యాంకులు పాడయ్యాయి. ఇంకా ఏడు నెలల ప్రయాణం ముందుంది. అక్కడి నుంచి వాన నీళ్లే దిక్కు.

మాదేయి అదే అక్షాంశాల్లోకి దిగేసరికి నవంబర్ చివర, డిసెంబర్. పెద్ద పడవకి దొరికిన అసలు లాభం నా లెక్కలో ఇదే. గట్టిదనం కాదు, చెడ్డ నెలల్ని తప్పించుకునే వీలు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మాదేయిలో కూడా ప్రయాణం చివర్లో మంచినీళ్లు పాడయ్యాయి! డీజిల్ కలిసింది. 44 ఏళ్ల తేడా, అంత టెక్నాలజీ తేడా, చివరికి అభిలాష్ కూడా తెరచాప కింద బకెట్ పెట్టి వాన కోసం చూడాల్సి వచ్చింది. పాత పడవలో ఉప్పునీళ్లు కలిసే భయం. కొత్త పడవలో ఇంజిన్ ఉంది, డీజిల్ ఉంది, కాబట్టి డీజిల్ కలిసే భయం. సౌకర్యం వచ్చిన ప్రతి చోటా దాని రోగం కూడా వెంట వస్తుంది.

రిపేర్ల దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సుహైలి ఫాల్మత్ వదిలి కొన్ని వారాలు కాకముందే లోపలికి నీళ్లు రావడం మొదలైంది. కీల్‌కి ఆనుకున్న పలక దగ్గర సందు తెరుచుకుంది. పాత చెక్క పడవలకి ఇది మామూలే. మరి సముద్రం మధ్యలో ఏం చేస్తాడు? కేప్ వెర్డే దీవుల దగ్గర గాలి లేని రోజు చూసుకుని నీళ్లలోకి దూకాడు. ఊపిరి బిగబట్టి కిందకి వెళ్లడం, సందులో పత్తి కుక్కడం, పైకి రావడం. ఒంటి తెలుపు సొరచేపలకి కనపడకూడదని ముదురు రంగు బట్టలు వేసుకున్నాడు. అయినా ఒకటి వచ్చింది. పైకెక్కి, రైఫిల్‌తో కాల్చి, మళ్లీ దిగాడు. చివరికి పత్తి మీద కాన్వాస్, రాగి రేకు వేసి చిన్న మేకులు కొట్టాడు. ఆ రేకుతోనే ప్రపంచం చుట్టొచ్చాడు.

కొంచెం ఆగి ఆలోచించండి. పత్తి, గుడ్డ, రేకు, సుత్తి. మన ఊళ్లో ఏ వడ్రంగి దగ్గరైనా దొరికే సామాన్లు. ఆస్ట్రేలియా వైపు వచ్చేసరికి తనంతట తనే దారి పట్టించే సెల్ఫ్-స్టీరింగ్ గేర్ కూడా విరిగిపోయింది. అయితే ఆ పొడుగాటి కీల్ ఉంది చూడండి, అదే కాపాడింది. తెరచాపల్ని తగిన కొలతలో బిగించి వదిలితే సుహైలి తనే దారి పట్టుకుని పోయేది. దారి తెలిసిన ఎద్దుల బండి లాగా. బండివాడు నిద్రపోయినా ఎడ్లు ఇంటికి తీసుకెళ్తాయి కదా, అలా.

మాదేయి లాంటి పడవలో ఒంటికి సందులే లేవు కాబట్టి ఆ లీకేజ్ సమస్యే రాదు. ఆటోపైలట్ నడుపుతుంటే మనిషి పడుకోవచ్చు. కానీ 23 టన్నుల పడవలో, ఎనిమిదంతస్తుల ఎత్తుకి లేచే తెరచాప చేత్తో లాగేది కాదు. వించ్ అనే తాడు చుట్టే యంత్రం లేకపోతే ఒక్క మనిషి వల్ల కానే కాదు. మామూలుగా ఉన్నంతసేపూ బాగుంటుంది. ఏదైనా తెగితే, ఆ బరువులన్నీ ఒక్కసారిగా ఒక మనిషి మీద పడతాయి.

దీనికి మనకి దగ్గరి ఉదాహరణ ఉంది. మాదేయికి చెల్లెలు లాంటి పడవ తారిణి. దాదాపు అదే డిజైన్, అదే యార్డ్. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు దాని మీద బయల్దేరారు. నాయకత్వం వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగువాళ్లే. విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. మన తెలుగు అమ్మాయిలు కేప్ హార్న్ చుట్టి వచ్చారు. ఈ మాట చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పెరుగుతుంది, ఏమనుకోకండి.

254 రోజుల ఆ యాత్ర దాదాపు పూర్తయ్యే ముందు, కేప్ టౌన్ దాటి హిందూ మహాసముద్రంలోకి వచ్చాక, తారిణి స్టీరింగ్ పాడైంది. ప్లాన్‌లో లేకపోయినా మారిషస్‌లో ఆగి బాగు చేయించుకోవాల్సి వచ్చింది. తప్పేమీ లేదు, వాళ్లది ఆగుతూ వెళ్లే ప్రయాణమే. కానీ ఆ రిపేర్‌కి హార్బర్ కావాల్సి వచ్చింది, రాగి రేకుతో అయ్యే పని కాదది. అదే సమయంలో, ఆరుగురు మనుషులు వంతులవారీగా పడుకుంటూ, వండుకుంటూ ఎనిమిది నెలలు ఉండగలిగారంటే అది 55 అడుగుల పడవ కాబట్టే. సుహైలిలో ఆరుగురు అంటే షేర్ ఆటో.

సరే, ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. పడవ పల్టీ కొట్టడం.

1979లో ఇంగ్లండ్, ఐర్లండ్ మధ్య సముద్రంలో ఫాస్ట్‌నెట్ రేస్ జరిగింది. 303 పడవలు పాల్గొన్నాయి. మధ్యలో తుఫాను వచ్చి రేసులో ఉన్న 15 మంది చనిపోయారు. ఆ తర్వాత నిపుణులు నమూనా పడవల్ని నీళ్ల ట్యాంకుల్లో పెట్టి అలలతో కొట్టించి చూశారు. తేలింది ఏంటంటే, విరిగిపడే అల ఎత్తు పడవ పొడవులో 30 శాతం ఉండి సరిగ్గా పక్కనుంచి తగిలితే కొన్ని పడవలు తిరగబడతాయి. 60 శాతం ఉంటే దాదాపు ఏ పడవైనా పల్టీ కొడుతుంది. మోడల్ ఏది, ఎవరు కట్టారు అన్నది అప్పుడు పెద్దగా లెక్కలోకి రాదు.

మన రెండు పడవలకి ఇదే లెక్క వేద్దాం. సుహైలికి ఆ 60 శాతం అంటే 19 అడుగులు. మాదేయికి 33 అడుగుల పైన. దక్షిణ సముద్రంలో 19 అడుగుల అల అనేది రోజువారీ సంగతే, అది విరిగి పక్కనుంచి తగలడం ఒక్కటే తక్కువ. 33 అడుగుల అల విరగడం అరుదు. అరుదే గానీ, ఉండదని కాదు.

ఇక్కడే మన కథలో రెండు పడవలూ ఒక మనిషి దగ్గర కలుస్తాయి.

2018లో గోల్డెన్ గ్లోబ్ రేస్ మళ్లీ పెట్టారు. నాక్స్-జాన్‌స్టన్ గెలిచిన రేస్‌కి 50 ఏళ్లయిన సందర్భం. ఆ మొదటి రేస్‌లో తొమ్మిది మంది బయల్దేరితే పూర్తి చేసింది ఆయన ఒక్కడే. వచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని దారిలో చనిపోయిన పోటీదారు డొనాల్డ్ క్రౌహర్స్ట్ కుటుంబానికి ఇచ్చేశాడు. కొత్త రేస్ నిబంధన ఏంటంటే, పాతకాలం డిజైన్ పడవలే, 32 నుంచి 36 అడుగుల లోపే ఉండాలి. జీపీఎస్ చూసి దారి పట్టకూడదు. సెక్స్‌టంటే.

అభిలాష్ టామీ ఈ రేస్‌కి వెళ్లారు. పడవ? గోవాలో అదే అక్వేరియస్ యార్డ్‌లో కట్టిన సుహైలి నకలు. పేరు తురీయ. అంటే మాదేయి మీద 151 రోజుల్లో చుట్టొచ్చిన మనిషే ఇప్పుడు సుహైలి ఆకారంలోకి దిగారు. మన ప్రశ్నకి ఇంతకన్నా మంచి ప్రయోగం ఎవరూ చేయలేరు. కానీ ఆ ప్రయోగానికి ఆయన కట్టిన మూల్యం మామూలుది కాదు.

జూలై 1న ఫ్రాన్స్ నుంచి బయల్దేరారు. చిన్న పడవ, నెమ్మది పడవ. కాబట్టి మళ్లీ అదే క్యాలెండర్. సెప్టెంబర్ వచ్చేసరికి దక్షిణ హిందూ మహాసముద్రం. సెప్టెంబర్ 21న తుఫాను. 70 నాట్ల గాలి, అంటే గంటకి 130 కిలోమీటర్లు. 14 మీటర్ల అలలు, అంటే 46 అడుగులు. తురీయ తిరగబడింది. మాస్టులు విరిగాయి. పడవ తిరిగి లేచే క్షణంలో అభిలాష్ చేతి గడియారం పట్టీ మాస్ట్ పైభాగంలో చిక్కుకుని, ఆయన గాల్లో వేలాడారు. పట్టీ తెగింది. పై నుంచి కింద పడి వెన్నెముక విరిగింది. పాక్కుంటూ లోపలికి వెళ్లి, కదల్లేని స్థితిలో శాటిలైట్ ద్వారా సందేశం పంపారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరం. మారిషస్ నుంచి వెళ్లిన మన నౌకాదళం పీ-8ఐ విమానం ఆయన పడవని కనిపెట్టింది. మూడో రోజున, సెప్టెంబర్ 24న, ఒసిరిస్ అనే ఫ్రెంచ్ పహరా నౌక వచ్చి స్ట్రెచర్ మీద దించింది. తురీయని అక్కడే వదిలేయాల్సి వచ్చింది.

ఇది విన్నాక, చిన్న పడవ వల్లే ఇలా అయింది అనడం చాలా తేలిక. ఆ రోజు అక్కడ ఇంకెవరున్నారో చూడండి. ఐర్లండ్‌కి చెందిన గ్రెగర్ మెక్‌గకిన్. పడవ 36 అడుగులు, తురీయ కన్నా పెద్దది. దానివి కూడా మాస్టులు పోయాయి. ఆ స్థితిలోనే విరిగిన కర్రలతో తాత్కాలికంగా తెరచాప కట్టుకుని అభిలాష్ వైపు బయల్దేరాడు. హాలండ్‌కి చెందిన మార్క్ స్లాట్స్ పడవ, అదీ 36 అడుగులే, అదే తుఫానులో పక్కకి పడి లేచి, ఏమీ విరక్కుండా ముందుకు సాగింది. నాలుగడుగులు ఎక్కువున్నా ఒకరికి లాభం లేకపోయింది, ఇంకొకరికి గీత కూడా పడలేదు.

మరి మాదేయి అక్కడ ఉండుంటే? 46 అడుగుల అల విరిగి పక్కనుంచి తగిలితే 56 అడుగుల పడవకి కూడా 60 శాతం హద్దు దాటినట్టే. తిరగబడి ఉండేది. అంత పెద్ద మాస్ట్ విరిగి పడితే ఆ ముక్కల్ని ఒక్క మనిషి నరికి సముద్రంలోకి తోసేయగలడా అన్నది నాకు సందేహమే. కాకపోతే, నా నమ్మకం ఏంటంటే, మాదేయి సెప్టెంబర్‌లో అక్కడ ఉండేది కాదు. ఉన్నా, తుఫాను వస్తోందని ముందే తెలిసి, రోజుకి 150 మైళ్లు ఉత్తరానికి జరిగిపోయేది. రోజుకి 100 మైళ్లు వెళ్లే పడవకి తెలిసినా పెద్దగా చేయగలిగింది లేదు.

కాబట్టి మీరడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. ఏడాదిలో ఎప్పుడు, ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించుకోవాలంటే పెద్ద పడవ. విరిగిన ప్రతి దాన్నీ మీ రెండు చేతులతో మీరే బాగు చేసుకోవాలంటే చిన్న పడవ. నన్ను రేపు ఎక్కమంటే? ఈత కూడా సరిగా రాని నేను ఒడ్డునే ఉంటాను గానీ, తప్పదంటే మాత్రం మాదేయి ఎక్కుతాను. సుహైలిని చూస్తూ కూర్చోవడం మాత్రం ఎంతసేపైనా ఇష్టమే.

ఇంకో ముచ్చట మర్చిపోయాను. నాక్స్-జాన్‌స్టన్‌ని ఏదో చిన్న పడవల భక్తుడు అనుకుంటారు చాలామంది. నిజానికి ఆయన ఆ రేస్ కోసం కాలిన్ ముడీ అనే డిజైనర్‌తో పెద్ద స్టీల్ పడవ గీయించుకున్నాడు. కట్టించడానికి డబ్బు పుట్టలేదు. సుహైలిని అమ్మేద్దామనుకున్నాడు, అదీ అమ్ముడుపోలేదు. చేతిలో ఉన్న పడవతోనే బయల్దేరాడు. 312 రోజుల తర్వాత ఫాల్మత్‌లో కస్టమ్స్ వాళ్లు పడవెక్కి, నియమం ప్రకారం, ఎక్కడి నుంచి వస్తున్నారు అని అడిగారట. ఫాల్మత్ నుంచి, అన్నాడు. ఆ పడవ ఇప్పటికీ ఉంది. 2018లో స్వర్ణోత్సవానికి అదే ఫాల్మత్ నీళ్లలో మళ్లీ తిరిగింది.

అభిలాష్ విషయానికొస్తే, ఢిల్లీలో వెన్నెముక ఆపరేషన్ అయింది, లోపల టైటానియం కడ్డీలు పెట్టారు. మళ్లీ నడవడం నేర్చుకున్నారు. నౌకాదళం నుంచి రిటైర్ అయ్యారు. 2022 సెప్టెంబర్‌లో అదే గోల్డెన్ గ్లోబ్ రేస్‌కి మళ్లీ వెళ్లారు. ఈసారి బయానత్ అనే పడవ. రస్లర్ 36 రకం, పేరులో ఉన్నట్టే 36 అడుగులు. 236 రోజులు. 2023 ఏప్రిల్ 29న ఫ్రాన్స్ తీరానికి రెండో స్థానంలో చేరారు. రెండు రోజుల ముందు మొదటి స్థానంలో వచ్చింది దక్షిణాఫ్రికాకి చెందిన కిర్‌స్టన్ నోయ్‌షేఫర్. ఆవిడ పడవ కూడా 36 అడుగులదే.

ఆవిడ గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండీ.